పాత ఎన్‌లార్జరును నిలువబెట్టుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో గ్రంథములనుగూర్చి మాటలాడుట ఆచారము. నేటి ప్రసంగము మాత్రము ఒక యినుప కమ్మికి వ్రేలాడు దీపపు బుడ్డినిగూర్చి. దానిని ఛాయాచిత్రకారులు ఎన్‌లార్జరందురు. చిన్న నెగటివునుండి పెద్ద బొమ్మను కాగితముపై దింపు యంత్రమది. ఈ గ్రంథాలయమునకు నిత్యము వచ్చు పాఠకుడొకాయన అట్టి యంత్రమును, సగము భాగములు లేనిదానిని, కొని తెచ్చి పనికి తెచ్చెను. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. పేరు చెప్పవలదని కోరినందున ఇచట ఆయనను మాస్టరుగారనియే పిలుచుట జరుగును. సభలోనున్న వారిలో సగముమంది ఆయనవద్ద ఎక్కములు నేర్చినవారే గనుక పేరు దాచుటవలన దాగునదేమియు లేదు.

2021 నవంబరులో పాపఘ్ని పొంగి కమలాపురమువద్ద వంతెన కూలిన దినములు అందరికిని జ్ఞాపకమే. ఆ వానలకు మాస్టరుగారి యింటి గోడ కారెను. గోడకు వ్రేలాడుచున్న ఆయన తల్లిగారి పటములోనికి నీరు దిగెను. ఛాయాచిత్రపు కాగితముపైనుండు జిలాటిను పొర తడిసినచో జిగురువలె మారి అద్దమునకు అంటుకొనును. ఆ స్థితిలో దానిని కదల్పక, అద్దముతోకూడ నీటిలో నానబెట్టి తీయుట మేలు. ఇంటివారికి ఆ సంగతి తెలియదు. ఎండిన పిదప ఊడదీయబోగా కాగితము చేతికి వచ్చెను, ముఖము అద్దముతో పోయెను. ఆమెకు అది తప్ప మరియొక ఫొటో లేదు.

అయితే అటకమీది రేకుపెట్టెలో, పొలము కాగితములనడుమ, ఒక గోధుమరంగు కవరులో నెగటివు మిగిలి యుండెను. 120 ఫిల్ముపై తీసిన చదరపు నెగటివు. ఆరు సెంటీమీటర్ల చదరమని వాడుక. కొలిచినచో 56 మిల్లీమీటర్లుండును.

దీనిని కంప్యూటరులోనికి ఎక్కించి అచ్చు తీయవచ్చును గదా యని ఎవరైనను అడుగుదురు. నిజమే. వెలుగు మూత గల స్కానరున్నచో ఆ పని చక్కగా జరుగును. మాస్టరుగారును మొదట ఆ దారినే పోయిరి. ఒకచోట చిన్న ఫిల్మునకు సరిపడు స్కానరే కలదనిరి. వేరొకచోట తెల్లని తెరపై నెగటివునుంచి ఫోనుతో ఫొటో తీసి యిచ్చిరి. తల్లిగారి ముఖముపై తెర గళ్లు పడి దోమతెర చాటున కూర్చున్నట్లు కనబడెను. పెద్ద నగరములకు పంపినచో పని జరిగెడిదే. కాని ఒక్కగానొక్క నెగటివును పోస్టులో వేయుటకు ఆయనకు మనసొప్పలేదు. పెన్షను వచ్చుచు, పగలంతయు తీరికగానుండు మనిషికి పట్టుదల పుట్టినచో దానిని ఆపువారెవరు?

ప్రొద్దుటూరులో పాత సామానుల అంగడియందు ఆయనకు ఈ యంత్రము కనబడెను. ఏదో మూతపడిన స్టూడియోలోనిది. పాత యినుము ధరకు తూచి యిచ్చిరి.

యంత్రముమాటకు ముందు దాని వంశవృత్తాంతము కొంత చెప్పవలసియున్నది. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో. తరువాత చాలకాలము నెగటివు ఎంత పరిమాణమో బొమ్మయు అంతే. నెగటివును కాగితముపై పరచి ఎండలో పెట్టెడివారు. పెద్ద బొమ్మ కావలెనన్నచో పెద్ద కెమెరా, పెద్ద గాజుపలక కావలెను. సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుచే రాజా బిరుదమందిన లాలా దీన్ దయాళు తీసిన చిత్రములు నేటికిని ఆశ్చర్యము గొలుపును. ఆయన 1905లో గతించెను. గుఱ్ఱపు లాయములను, రాజభవనములను, వేటగుడారములను ఆయన చిత్రించినది గాజుపలకలపైననే. ఆ పలకలను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై పెట్టి ఎండలో అచ్చు తీసెడివారు. ఆ పెట్టెలను, పలకలను మోయుటకే మనుషులు, బండ్లు వలసియుండెను.

చిన్న నెగటివును పెద్దది చేయు యత్నమును అప్పటికే కొందరు చేసియుండిరి. అమెరికాలో బాల్టిమోరు నగరపువాడు వుడ్‌వర్డు 1857లో సూర్యకాంతితో పనిచేయు యంత్రమునకు పేటెంటు పొందెను. దానిని మిద్దెపైకెక్కించి, సూర్యుడు కదలుచున్నకొలది అద్దమును త్రిప్పుచు గంటలకొలది కాచుకొని యుండవలెను. ఆ యంత్రము మన సీమకు వచ్చియుండినచో సూర్యునికి మాత్రము కొదవ యుండెడిది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర బ్రోమైడు కాగితము వచ్చెను. అది అల్పమైన వెలుగునకే స్పందించును గనుక పని మిద్దె దిగి చీకటిగదిలోనికి, ఎండనుండి దీపమునకు మారెను. 1925లో లైకా కెమెరా అంగడికెక్కిన పిదప చిన్న ఫిల్ములు వ్యాపించెను. వానితోపాటు ఎన్‌లార్జరు లేక గడవని స్థితి వచ్చెను. ఇటలీలోని డర్స్ట్, చెకొస్లొవేకియాలోని మియోప్టా మొదలగు సంస్థల యంత్రములు దేశదేశముల స్టూడియోలను చేరెను. నీలగిరులలో ఊటీవద్ద 1960లో స్థాపితమైన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి సరకు ఇందు అను పేరుతో మన స్టూడియోలలో వాడుకలోనుండెను. ఆ కర్మాగారమును మూతపడినది.

ఎన్‌లార్జరు పనిచేయు తీరు తెలియుటకు పాత టూరింగు టాకీసును తలచుకొన్న చాలును. 1957లో విడుదలయిన మాయాబజారును గుడారములో నేలమీద కూర్చుండి చూచినవారు పెద్దలలో ఉందురు. ఆ చిత్రమును తీసిన విజయావారిలో నాగిరెడ్డిగారు మన కడప జిల్లావారే. వెనుక దీపము, ముందు ఫిల్ము, దానిముందు లెన్సు, దూరమున తెర. ఆ ప్రొజెక్టరును తలక్రిందుగా నిలిపి, తెరకు బదులు క్రింద కాగితముంచినచో అదియే ఎన్‌లార్జరు. పైన దీపపు గూడు. దాని క్రింద వెలుగును సమముగా పంచు రెండు దళసరి గాజులు, వీనిని కండెన్సర్లందురు. వాని క్రింద నెగటివును పట్టు చట్రము. తరువాత కొలిమి తిత్తినిబోలిన మడతల తిత్తి. తిత్తి చివర లెన్సు. ఇదియంతయు ఒక నిలువు కమ్మిపై పైకి క్రిందికి జరుగును. కమ్మి ఒక పీఠముపై నిలుచును.

మాస్టరుగారు కొన్న యంత్రమునకు కమ్మి, గూడు, తిత్తి నిక్షేపముగా నున్నవి. పీఠపు చెక్కను చెదలు తినెను. లెన్సు లేదు. నెగటివు చట్రము లేదు. కండెన్సర్లలో ఒకటి నడిమికి పగిలియుండెను. లెన్సు క్రింద ఉండవలసిన ఎర్ర ఫిల్టరు లేదు. అంగడివాడు మాత్రము అన్నియు ఉన్నవనియే చెప్పెను. లెన్సు ఏదనగా తిత్తి చివరి రంధ్రమును చూపి, అందులోనుండి వెలుగు వచ్చును గదా యనెను.

మొదటి పని పీఠము. చెక్క కొనుటకు బోయి ఆయన దారిలో ఆగిపోయెను. ఎర్రగుంట్ల ప్రాంతపు నల్లని నాపరాయి ప్రతి యింటిలోను అరుగుగానో, అటకగానో పడియుండగా చెక్క యెందులకు? రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళముల మందముగల బండను రాతిపనివానిచే నునుపు తీయించి, కమ్మికి నాలుగు రంధ్రములు వేయించిరి. బరువు సుమారు 36 కిలోలు. ఎత్తుటకు ఇద్దరు కావలసివచ్చిరి. స్టూడియోలవారు వాడు చెక్కలకంటె ఇది మేలైనదని తరువాత తెలిసెను. కారణము రైలు.

మాస్టరుగారి యిల్లు స్టేషనునకు దగ్గర. గుంతకల్లు వైపునుండి కడపకు పోవు మార్గమిది. ప్రయాణికుల బండ్లకంటె గూడ్సు బండ్లు ఇంటిని ఎక్కువ కదిలించును. మనిషికి తెలియనంతటి కదలికయైనను లెన్సు పైనుండి చూచినచో పెద్దదే. కాగితముపై బొమ్మ పడుచున్న సమయమున కమ్మి ఒక వెంట్రుక వాసి ఊగినను కనురెప్పలు చెరిగిపోవును. బండ క్రింద పాత స్కూటరు ట్యూబు ముక్కలు పరచిరి. కొంత తగ్గెను, పూర్తిగా పోలేదు.

నెగటివు చట్రమును నూనెడబ్బా రేకుతో చేసిరి. రెండు రేకు పలకలు, ఒకవైపు గుడ్డతో కుట్టిన కీలు, నడుమ 57 మిల్లీమీటర్ల చదరపు కిటికీ. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దవలెను. లేనిచో ఫిల్ము గీరుకొనును. రేకు మెరపు పోవుటకు నల్లరంగు పూయవలెను. ఫిల్మునకు గాజు అదిమినచో చదునుగా నుండునుగాని, గాజునకు ఫిల్మునకు నడుమ రంగుల వలయములు పుట్టి బొమ్మపై పడుట కలదు. అందుచేత గాజు మానిరి.

తిన్నగా నిలుపుట తరువాతి మాట. నెగటివు, లెన్సు, కాగితము మూడును ఒకదానికొకటి సమాంతరముగా నుండవలెను. మాస్టరుగారు తాపీమేస్త్రి రసమట్టమును తెచ్చి పీఠమును మట్టము చేసిరి. ఒక పూట అందులోనే గడిచెను. అది వృథాశ్రమ. పీఠము మట్టముగా నుండి గూడు వంగియున్నచో ఫలమేమి? గూడునకు పీఠమునకు పొత్తు కుదిరినచో ఇల్లంతయు వాలియున్నను నష్టము లేదు. దీనికి తేలికైన పరీక్ష కలదు. నెగటివు లేకుండ ఖాళీ చట్రమునుంచి దీపము వేసినచో క్రింద తెల్లని చదరము పడును. దాని నాలుగు అంచులను స్కేలుతో కొలువవలెను. మూడింతలు పెంచినపుడు ఒక్కొక్క అంచు 171 మిల్లీమీటర్లు రావలెను. మాస్టరుగారికి కుడివైపు 174, ఎడమవైపు 168 వచ్చెను. గూడు పట్టీలో పోస్టుకార్డు ముక్క నొకదానిని దూర్పగా సరిపోయెను.

లెన్సు విషయమున ఆయన పడిన పాట్లు కొంచెము విపులముగా చెప్పదగినవి. మొదట చదువుకొను భూతద్దమును బిగించిరి. నడుమ బొమ్మ కనబడెను, చుట్టును పొగమంచు. అంచులకు ఎరుపు, నీలము రంగులు. ఒకే గాజుతో చేసిన కటకము వెలుగులోని వేర్వేరు రంగులను వేర్వేరు దూరములలో కలుపుటయే దీనికి హేతువు. పిదప ఒక మిత్రుడు 50 మిల్లీమీటర్ల ఎన్‌లార్జరు లెన్సును తెచ్చి యిచ్చెను. చక్కని లెన్సే. కాని అది 24×36 మిల్లీమీటర్ల చిన్న ఫిల్మునకు చేసినది. 56 మిల్లీమీటర్ల చదరమునకు మూలనుండి మూలకు 79 మిల్లీమీటర్లుండును. అంతటి వెడల్పును ఆ లెన్సు కప్పజాలదు. నాలుగు మూలలు చీకటిమయమయ్యెను. పాత ఎన్‌లార్జరు కొనదలచినవారు ఈ లెక్క గుర్తుంచుకొనుట మంచిది: నెగటివు మూలకొలతకు దగ్గరగానుండు నాభిదూరముగల లెన్సు కావలెను. 120 చదరపు ఫిల్మునకు 75 గాని, 80 గాని. లెన్సును బిగించు మరయును చూచుకొనవలెను. ఎక్కువ యంత్రములకు 39 మిల్లీమీటర్ల వెడల్పు, అంగుళమునకు 26 చుట్లు గల మర వాడుక. లేతుపనివాడు మిల్లీమీటర్ల లెక్కలో మర కోసినచో అది పట్టదు.

చివరకు ఆయనకు దొరికినది రెండు కండ్ల కెమెరా, షట్టరు చెడినది. దాని లెన్సు 75 మిల్లీమీటర్లు. కెమెరాలో ఫిల్మువైపు ఉండెడి ముఖము ఇచట నెగటివువైపు ఉండునట్లు, నల్లని బేకలైటు పలకలో రంధ్రము చేసి, వెనుకనుండి దాని సొంత రింగుతోనే బిగించిరి. షట్టరు రెక్కలను తెరచి కదలకుండ కట్టివేసిరి. కెమెరా లెన్సు దూరపు వస్తువుల కొరకు చేసినదిగాని, చదునైన కాగితమును దగ్గర చూచుటకు చేసినది కాదు. అందుచేత పూర్తిగా తెరచినచో అంచులు మెత్తబడును. ద్వారమును ఎఫ్ 8 వరకు కుదించగా అంచులును తీరుగా వచ్చెను. లెన్సునుండి నెగటివునకు 10 సెంటీమీటర్లు, కాగితమునకు 30 సెంటీమీటర్లు ఉన్నపుడు బొమ్మ సరిగా మూడింతలగును. మాస్టరుగారు ఈ లెక్కను ముందుగా కాగితముపై వేసి, పిమ్మట టేపుతో కొలిచి, రెండును కలియగా పదవతరగతి పిల్లవానివలె సంతోషించిరి.

పగిలిన కండెన్సరునకు మారు దొరకలేదు. రెండింటి ఉబ్బెత్తు ముఖములు ఎదురెదురుగా నుండవలెను, ఒంటిది పనికిరాదు. రెండింటిని తీసివేసి, సైనుబోర్డులవారు వాడు పాలరంగు ప్లాస్టికు పలకను అచటనుంచి, గూడు లోపల తెల్లరంగు వేసిరి. వెలుగు చాల తగ్గెను, బొమ్మ కాంతి కొంత మెత్తబడెను. అయినను ఒక లాభము కలిగెను. కండెన్సరు వెలుగు నెగటివుపైని ప్రతి గీతను, ధూళికణమును ఎత్తిచూపును. చెదరిన వెలుగు వానిని దాచును. అటకమీద ఏండ్ల తరబడి పొలము కాగితములతో ఒరసుకొన్న నెగటివది. కండెన్సర్లు రెండును సరిగానున్నచో తల్లిగారి ముఖముపై గీతలే మిక్కిలిగా కనబడియుండును.

దీపము సంగతియు అంతే. మొదట 75 వాట్ల పాల బుడ్డి వేసిరి. ప్లాస్టికు వేడెక్కి వంగజూచెను. మరియు సాయంకాలము మోటార్లు వేయు వేళకు కరెంటు తగ్గును. తీగె దీపము విషయమున వోల్టేజి కొంచెము తగ్గినను వెలుగు మిక్కిలి తగ్గును. 230 వోల్టులు 200 అయినచో వెలుగు సుమారు అయిదింట మూడు పాళ్లే మిగులును. పది సెకనులు చాలినచోట పదునారు కావలెను. ఒకే కొలతతో తీసిన రెండు బొమ్మలలో ఒకటి నల్లగా, ఒకటి వెలవెలబోవుచు వచ్చుటకు కారణము తెలియక మూడు రాత్రులు గడచెను. ఎల్‌ఇడి బుడ్డి వేసిన పిదప వేడియు పోయెను, వెలుగును నిలకడగా నిలిచెను.

ఎర్ర ఫిల్టరు లేని లోటునకు లెన్సునకు అగ్గిపెట్టె అట్టతో టోపీ చేసిరి. చీకటిగదికి ఎర్ర బుడ్డి పెట్టిరి. అంగడిలో ఎర్రగా కనబడు ప్రతి బుడ్డియు క్షేమకరము కాదు. కాగితపు ముక్కపై రూపాయి బిళ్లనుంచి, అయిదు నిమిషములు ఆ వెలుగులో వదలి, తరువాత డెవలపరులో వేయవలెను. బిళ్ల గుర్తు తెల్లగా కనబడినచో ఆ దీపము పనికిరాదు. మాస్టరుగారి మొదటి బుడ్డి ఈ పరీక్షలో తప్పెను.

డెవలపరు పాత సూత్రమే, డి-72 అని పేరు. గోరువెచ్చని నీటిలో మెటాలు 3 గ్రాములు, సోడియం సల్ఫైటు 45, హైడ్రోక్వినోను 12, నీరు కలిసియున్న సోడియం కార్బొనేటు 80, పొటాషియం బ్రోమైడు 2 గ్రాములు ఈ వరుసలోనే కరిగించి లీటరు చేయవలెను. వాడుకకు ఒక పాలు ద్రావకమునకు రెండు పాళ్లు నీరు. మన బోరునీటి సున్నము కాగితముపై తెల్లని మరకలు వేయును గనుక వాననీటితో గాని, శుద్ధిచేసిన నీటితో గాని కలుపుట మేలు. ద్రావకము 20 డిగ్రీలవద్ద ఉండవలెనని గ్రంథములు చెప్పును. వ్రాసినవారు కడప జిల్లా ఎండకాలమును చూచినవారు కారు. వేసవిలో ఈ పని తలపెట్టకుండుటయే ఉత్తమము. మాస్టరుగారు పుష్యమాసపు రాత్రులలో, తడి యిసుకలో పాతిన మట్టికుండనీటిలో సీసాలనుంచి పని జరిపిరి.

నీరు పెద్ద చిక్కు. హైపోలో నిలిపిన కాగితమును బాగుగ కడుగనిచో కొన్నియేండ్లకు పసుపెక్కి చెడును. దళసరి కాగితమునకు గంటసేపు పారు నీరు కావలెనని నియమము. బిందె నీరు విలువ తెలిసిన ఊరిలో గంటసేపు నీరు పారబోయుట ఎట్లు? కాగితమును ముందు పలుచని సల్ఫైటు ద్రావకములో పది నిమిషములుంచి, పిదప తొట్టి నింపుట, కొంతసేపు నానబెట్టుట, పారబోయుట అను పద్ధతిలో చాల తక్కువ నీటితోనే పని జరిగెను. ప్లాస్టికు పూతగల కాగితమైనచో కొద్ది నిమిషములే చాలును. వాడిన హైపోలో వెండి కరిగియుండును. దానిని కాలువలో పోయరాదు, చెట్ల మొదళ్లలో అసలే పోయరాదు.

కాగితము నేటికిని దొరకును; ఇంగ్లాండు ఇల్‌ఫర్డు వారిది, చెక్ దేశపు ఫోమా వారిది వచ్చుచున్నవి. ధర మాత్రము పెన్షనుదారునకు భారమే. ఆయన ఒక్కొక్క కాగితమును చీల్చి, వ్రేలి వెడల్పు ముక్కలపై ఆరు, పండ్రెండు, పదునెనిమిది సెకనులు పరీక్షించి చూచి, పదునెనిమిది తగునని నిశ్చయించిరి.

మొదటి పూర్తి కాగితము గూడ్సు బండికి బలియయ్యెను. రెండవది తొట్టిలో వేయగా ముందు చీర అంచు, పిమ్మట జుట్టు, ఆ పిమ్మట కన్నులు తేలివచ్చెను. అరనిమిషము పట్టెను. మాస్టరుగారు హైపోలోనికి మార్చుట మరచి చూచుచు నిలువగా ప్రక్కనున్న మనుమడు హెచ్చరించెను.

ఇక్కడితో ఆయన కోరిక తీరవలసినది. కాని బొమ్మ ఎడమ అంచున, గోడమీది పాత పటములో లేనిదొకటి కనబడెను. నాటి స్టూడియో ఆయన చదరపు నెగటివులో నడిమి భాగమును మాత్రమే నిలువు పటముగా కోసి యిచ్చియుండెను. కోతలో పోయిన భాగమున, వాకిలి గడపవద్ద, చేట పట్టుకొని ఎవరో ముసలామె నిలిచియుండెను. నెగటివులో ఆమె ముఖము మూడు మిల్లీమీటర్లు. మూడింతలు పెంచినను పెసరగింజకంటె కొంచెము పెద్దది.

దానిని పదింతలు చేయవలెనని మాస్టరుగారికి పట్టుదల కలిగెను. కమ్మి అంత ఎత్తు లేదు. గూడును వెనుకకు త్రిప్పి, యంత్రమును బల్ల అంచున నిలిపి, కాగితమును నేలపై పరచిరి. తల ముందుకు వాలిన యంత్రము చెక్క పీఠమైనచో బోర్లపడియుండును, నాపబండ కదలలేదు. అయితే దూరము పెరిగినకొలది వెలుగు పలచబడును. లెక్కప్రకారము పదునెనిమిది సెకనులకు బదులు 136 సెకనులు కావలెను. రెండు నిమిషములకు పైగా ఇల్లు కదలకుండ ఉండవలెను! ప్రయాణికుల బండ్లకు వేళలున్నవి. గూడ్సునకు వేళ యేది? మనుమడు మిద్దెపై నిలిచి దూరపు శబ్దము వినగానే కేక వేయును, మాస్టరుగారు దీపమార్పుదురు. బండి పోయిన పిదప మరల వేయుదురు. ఆ రాత్రి 136 సెకనులను నాలుగు విడతలుగా ముగించిరి.

ముఖము రూపాయి బిళ్లంత వచ్చెను. ఫిల్ము రవ్వలు పొడిపొడిగా కనబడినను కండ్లు, ముక్కు, చెవి కమ్మలు పోల్చవచ్చును. మాస్టరుగారు ఆమెను ఎరుగరు. మరునాడు జమ్మలమడుగులోనున్న పినతల్లికి, తల్లిగారి చెల్లెలికి, చూపిరి. ఆమెకు తొంబది యేండ్లు. అద్దాలు పెట్టుకొని, తీసివేసి, మరల పెట్టుకొని చూచెను.

“ఒరే నాయనా, ఇది మా అమ్మ కదరా! ఆ చేట ఎడం చేతి మీదికి పట్టుకునేది మా అమ్మే. ఫొటో అంటే లోపలికి ఉరికేది. ఈడ ఎట్లా చిక్కిందిరా!”

ఆ అవ్వ ముఖము ఆ యింటిలో పినతల్లి తప్ప మరెవ్వరును ఎరుగరు. తల్లి ఫొటో కొరకు ప్రారంభమైన పని ఆమె తల్లిని బయటపెట్టినది. పినతల్లి ఆ కాగితమును మరల చేతికీయలేదు. మాస్టరుగారు తమకు వేరొకటి తీసికొనిరి. రెండు పటములకును ఈసారి అద్దమునకు కాగితమునకు నడుమ అట్ట చట్రము పెట్టించిరి, తడి తగిలినను అంటుకొనకుండ.

ఎర్ర ఫిల్టరు ఇంకను దొరకలేదు. ఎవరి పెట్టెలోనైనను పడియున్నచో తెలుపగలరు. ఇంటిలో పాత నెగటివులున్నవారు వానిని గుడ్డతో తుడువరాదు, ఒకదానిపై నొకటి పేర్చరాదు, ప్లాస్టికు సంచిలో కట్టరాదు. విడివిడిగా తెల్లకాగితములో చుట్టి, అంచులు పట్టుకొని తేవలెను. ఎండలు ముదరకమునుపే తెచ్చినచో పని జరుగును. మాఘము దాటినచో మరల పుష్యమునకే.